పిన్ని తినిపించిన పండుగప్ప

పోయిన నెలలో ఒక పొద్దున ఆఫీసుకి వెళ్తూ మెట్రోలో ఉండగా ప్రశాంతి ఫోన్ చేసింది. ప్రశాంతి మా పిన్ని కూతురు, నాకు చెల్లెలు. ఫోన్ మీద దాని పేరు కనబడగానే, ఎత్తకముందే, బాబాయి పోయారనుకున్నాను. రెండేళ్ళుగా మా వాళ్ళందరం ఆ ఫోన్ కోసం గుండె చిక్కబట్టుకునే ఉన్నాం.

"దీదీ..." అని ఆగింది. "మమ్మీ నహీ రహీ."

"మమ్మీయా? పాపానా?" అన్నాను. పోయింది పిన్ని అంటే నా చెవుల్ని నేను నమ్మలేదు.

"మమ్మీ, దీదీ. మమ్మీ." ఈసారి అరిచినట్టే చెప్పింది.

పాల ప్యాకెట్ కోసం కిందికి దిగిన మనిషి తిరిగి పైకి ఎక్కుతూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయిందట. పక్కింటావిడ చూసేసరికి తల గోడకి ఆనించి ఉంది. బాబాయి మంచం మీద నుంచి తలుపు వంకే చూస్తూ ఉన్నారట, ఇంకా రాలేదేమిటా అని.

మా పిన్నిది నరసాపురం పక్కన ఊరు. నర్సు ఉద్యోగం దొరికి చిన్న వయసులోనే ఢిల్లీ వచ్చేసింది. బాబాయిది సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం. మయూర్ విహార్‌లో రెండు గదుల ఫ్లాటు. ఆవిడ నైట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చే వేళకి ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవారు. "మేం కాపురం గుమ్మంలో చేశామే" అని నవ్వేది పిన్ని. అందుకే ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరూ కలిసి బయట చేపల భోజనానికి వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. ఎదురెదురుగా కూర్చుని తినేది వారంలో ఆ ఒక్క పూటే. ప్రశాంతి చిన్నపిల్లగా ఉన్నప్పుడు దాన్ని పక్కింట్లో అప్పజెప్పి మరీ వెళ్ళేవారు. కొన్నాళ్ళు చిత్తరంజన్ పార్కులో బెంగాలీ హోటలు. కొన్నాళ్ళు బస్సు మారి జనక్‌పురి దాకా, అక్కడొక నెల్లూరాయన మెస్సుకి. చివరికి ఇంటికి దగ్గర్లోనే మార్కెట్లో ఒక మలయాళీ హోటల్ పెడితే అక్కడ స్థిరపడ్డారు.

నేను పెళ్ళయి ఘాజియాబాద్ వచ్చిన కొత్తలో మమ్మల్నీ తీసుకెళ్ళారు. కొత్త దంపతులం కదా, నేనూ మా ఆయనా కబుర్లలో పడ్డాం. పిన్ని కాసేపు చూసి చూసి, "చేప తినేటప్పుడు మాట్లాడకూడదు. కబుర్లు చెప్పుకోవాలనుంటే రొయ్యలు తెప్పించుకోండి" అంది. వాళ్ళిద్దరూ మాత్రం ఒక్క మాట లేకుండా తిన్నారు. తల ఆవిడకి, తోక వైపు ముక్క ఆయనకి. ఆయన నిమ్మచెక్క గింజల్ని వేళ్ళతో ఆపుతూ ఆవిడ కంచంలో పిండారు. ఆవిడ పొట్ట వైపు మెత్తటి ముక్క తీసి ఆయన కంచంలో పెట్టింది. అంతసేపూ మొహాలు పైకెత్తలేదు. ఆ మౌనం చూసి, వీళ్ళు పొద్దున్నే పోట్లాడుకుని వచ్చారేమోనని మా ఆయన దారిలో నన్ను అడిగాడు కూడా.

బాబాయి రిటైరైన మరుసటి ఏడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట సగం పోయింది. వాటన్నిటికంటే భయపెట్టింది మింగుడు. తిన్నది కడుపులోకి వెళ్ళకుండా ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణానికే ముప్పు అన్నారు డాక్టర్లు. చాలాకాలం ముక్కులోంచి గొట్టం వేసి పోశారు. గొట్టం తీసేశాక గంజిలాగా రుబ్బిన కిచిడీ మొదలైంది. పల్చగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి జారతాయని నీళ్ళు కూడా పొడి కలిపి చిక్కగా చేసి చెంచాతో పట్టాలి. ఇంటికొచ్చిన కొత్తలో ఒక్క గుక్క టీ అడ్డం పడి నిమోనియా వస్తే మళ్ళీ ఐసీయూలో పెట్టాల్సి వచ్చింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో చెంచా చప్పుడైతే చాలు, అందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

ఆ చలికాలంలో బాబాయి కిచిడీ కూడా మానేశారు. మింగలేక కాదు. చెంచా దగ్గరికి రాగానే పెదాలు బిగించి మొహం గోడ వైపు తిప్పేసుకునేవారు. ఒంటి మీద స్వెట్టర్ కొంకీకి తగిలించినట్టు వేలాడేది. మళ్ళీ గొట్టం వెయ్యాల్సిందే అన్నారు డాక్టరు. బాబాయి ఎడమ చేత్తో ముక్కు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపారు.

ఆ వారమే పిన్ని నాకు ఫోన్ చేసింది. "ఆదివారం కారు తీసుకుని రండే. బాబాయిని హోటల్‌కి తీసుకెళ్దాం."

మేం వెళ్ళేసరికి ఇంట్లో యుద్ధం నడుస్తోంది. ప్రశాంతికి గుర్‌గావ్‌లో ఉద్యోగం, శని ఆదివారాలు ఇక్కడే ఉంటుంది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి రాదు. "మమ్మీ, ఆప్ పాగల్ హో గయీ హో క్యా? ఫిష్ మే కాంటా హోతా హై! పాపా కో మార్ డాలోగీ?" చేపలో ముల్లుంటుంది, నాన్నని చంపేస్తావా అని అరుస్తోంది.

పిన్ని బాబాయి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. తలెత్తలేదు. "ఈ కిచిడీతో బతుకుతున్నారనుకుంటున్నావా?"

"యు ఆర్ ఎ నర్స్, మమ్మీ!"

"నర్సుని కాబట్టే తీసుకెళ్తున్నా. ఆస్పత్రిలో మింగుడు నేర్పించే అమ్మాయిని అడిగాను. ముల్లు లేకుండా, మెత్తగా, చెంచాలో సగమే పెట్టమంది. ప్రమాదం లేదని మాత్రం అనలేదు." ఇస్త్రీ పెట్టె నిలబెట్టి కూతురి వంక చూసింది. "భయం నాకూ ఉంది. భయపడితే పడదాం. చెయ్యి వణక్కుండా ఉంటే చాలు."

ప్రశాంతి నా వైపు తిరిగింది. "దీదీ, ఆప్ బోలో."

మంచం మీద బాబాయి అప్పటికే ఎడమ చేత్తో చొక్కా కోసం చాస్తున్నారు.

హోటలాయన పిన్నిని చూసి, "ఇత్నే దిన్ బాద్, ఆంటీ!" అంటూ ఎదురొచ్చాడు. వెనక చక్రాల కుర్చీలో బాబాయిని చూసి ఆగిపోయాడు. పిన్ని అన్నీ అతనికి చెప్పేసింది. పండుగప్ప చేప, ఇక్కడ దాన్నే భేట్కీ అంటారు, ఆవిరి మీద ఉడికించాలి. పులుసు పల్చగా ఉండకూడదు. టీవీ కట్టెయ్యాలి, తినేటప్పుడు ఆయన దృష్టి అటూ ఇటూ పోకూడదు. టీవీ ఆగిపోగానే మిగతా టేబుళ్ళ వాళ్ళందరూ మా వైపు చూశారు. ప్రశాంతి మాతో కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడింది. ఫోన్లో అంబులెన్స్ నంబరు తెరిచి పెట్టుకుని ఉందని మా ఆయన మెల్లగా నా చెవిలో చెప్పాడు.

చేప వచ్చింది. పిన్ని కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. తర్వాత ముక్కని సాసర్‌లోకి తీసి వేళ్ళతో చిదిపింది. చిదిపిందాన్ని మళ్ళీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది. ఒకచోట ఆగి, కంటికి ఆనని ముల్లొకటి తీసి పక్కన పెట్టింది. పులుసు కలిపి, చెంచా కొసన తీసుకుంది.

"ఏవండీ, గడ్డం కిందికి దించండి. ఆ, అలాగే. మింగండి. ఇంకోసారి మింగండి. ఇప్పుడు చిన్నగా దగ్గండి. 'ఆ' అనండి."

"ఆ..." అన్నారు బాబాయి. గొంతులో తడి చప్పుడు లేదు. తిన్నది సరిగ్గా దిగిందని దాని అర్థం.

రెండో చెంచా. మళ్ళీ అన్నీ మొదట్నుంచీ. గడ్డం, మింగడం, దగ్గు, 'ఆ'. బాబాయి కళ్ళు మూసుకున్నారు. అన్నాళ్ళ తర్వాత ఆయన మొహంలో ఏదో కదిలింది.

ఆ తర్వాతి చెంచాకి అడ్డం పడింది.

మొదట చిన్నగా పొలమారినట్టే ఉంది. తర్వాత దగ్గు ఆగలేదు. మొహం ఎర్రబడి, నల్లబడింది. పక్క టేబుల్ వాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో నీళ్ళ గ్లాసు చాపితే పిన్ని "పానీ నహీ!" అని ఒక్క అరుపు అరిచింది. "పాపా!" అంటూ ప్రశాంతి పరిగెత్తుకొచ్చింది. పిన్ని ఆయన్ని ముందుకి వంచి, భుజం కింద చెయ్యేసి, గొంతు పెంచకుండా చెబుతోంది. "దగ్గండి. దగ్గు వస్తోందంటే గాలి ఆడుతున్నట్టే. ఇంకా గట్టిగా. నేనున్నాను. దగ్గండి."

మెతుకంత ముక్క బయటికొచ్చింది. బాబాయి గాలి పీల్చుకున్నారు.

"ఆ అనండి" అంది పిన్ని.

"ఆ..."

"ఇంక చాలు, ఇంటికెళ్దాం" అంది ప్రశాంతి హిందీలో, ఏడుస్తూ. బాబాయి ఎడమ చేత్తో సాసర్ పట్టుకున్నారు. వదల్లేదు. నెమ్మదిగా, ముద్దముద్దగా, "ఇంకో... టి" అన్నారు.

పిన్ని ఇంకొకటి పెట్టింది. ఆ చెంచా ఏ మాత్రం వణకలేదు. ఆవిడ ఎడమ చెయ్యి మాత్రం టేబుల్ కింద నా మణికట్టు పట్టుకుని ఉంది. ఇంటికొచ్చాక చూసుకుంటే నాలుగు గోళ్ళూ దిగి, ఎర్రగా ఉంది.

ఆ పూట ఆయన తిన్నది చిన్నపిల్లాడి పిడికెడు కూడా ఉండదు. కానీ సోమవారం కిచిడీకి నోరు తెరిచారు. వచ్చే ఆదివారం వెళ్ళాలంటే ఒంట్లో బలం ఉండాలని పిన్ని చెప్పిందట. గొట్టం మాట మళ్ళీ రాలేదు. ప్రశాంతి మాత్రం తల్లితో మాట్లాడడం మానేసింది. తండ్రికి జ్వరం ఉందా, ఊపిరి ఎలా తీసుకుంటున్నారు అన్నది వాళ్ళమ్మనడిగి చెప్పమని నాకు ఫోన్ చేసేది. పిన్ని థర్మామీటర్ కొంగున ముడేసుకున్నట్టే తిరిగేది.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. వానాకాలంలో ఒక ఆదివారం తర్వాత బాబాయికి నిజంగానే జ్వరం వచ్చింది. ఛాతీలో నిమ్ము. ఆస్పత్రిలో చేర్చారు. వరండాలో ప్రశాంతి, ఇదేనా నీకు కావాల్సింది అని తల్లిని నిలదీసింది. "అబ్ ఖుష్? యహీ చాహియే థా?"

అంత చిన్నగా అయిపోయిన పిన్నిని నేనెప్పుడూ చూడలేదు. "నన్ను కాదు, ఆయన్ని అడుగు. గొంతు ఆయనది. ఆయన వద్దంటే ఈ జన్మలో మళ్ళీ తీసుకెళ్ళను" అంది.

ప్రశాంతి వెళ్ళి మంచం పక్కన కూర్చుని అడిగింది. బాబాయి మాస్క్ కొంచెం పక్కకి జరిపి, "వెళ్దాం" అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయన మూడుసార్లు ప్రయత్నించారు. ఆ రోజు ఎవరిది ఒప్పో నేను తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకటి మాత్రం చూశాను. ఆ తర్వాత ప్రశాంతి గుమ్మం దగ్గర నిలబడడం మానేసి, వచ్చి మా టేబుల్ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది.

అలాంటిది, కాపలా కాసిన మనిషే ముందు పోయింది.

సమాధి దగ్గర బాబాయి ఏడవలేదు. ఇంటికొచ్చాక నోరు తెరవలేదు. మళ్ళీ పెదాలు బిగించడం, మళ్ళీ గోడ వైపు తిరగడం. ప్రశాంతి సెలవు పెట్టి, బతిమాలి, కోప్పడి, చివరికి చెంచా విసిరికొట్టింది. మాకందరికీ వెనకటి చలికాలం గుర్తొచ్చింది. ఈసారి గట్టెక్కించడానికి పిన్ని లేదు. శనివారం సాయంత్రం ప్రశాంతే, రేపు హోటల్‌కి వెళ్దామా అని ఫోన్ చేసింది. "దీదీ, కల్ చలేం? పాపా కో లేకర్?"

హోటలాయన చెప్పకుండానే టీవీ కట్టేశాడు. ప్రశాంతి చేప చిదిపింది. నలిపిందాన్నే మళ్ళీ మళ్ళీ నలిపి నాకిచ్చింది, నేనూ నలిపి చూశాను. చెంచా పైకెత్తి, వచ్చీరాని తెలుగులో, "గడ్డం... కిందికి దించండి" అంది. "మింగండి." అది తండ్రిని ఎప్పుడూ 'మీరు' అనలేదు, హిందీలో 'తుమ్' అనే పిలుస్తుంది. దానికొచ్చిన ఆ నాలుగు తెలుగు ముక్కలూ వాళ్ళమ్మ మొగుడితో అన్నవే.

బాబాయి కూతుర్ని తేరిపార చూశారు. కళ్ళ నిండా నీళ్ళు. ఇప్పుడు ఏడుపొస్తే పొలమారుతుందని నాకు ఒకటే గుబులు. ఆయనకీ తెలుసు కాబోలు, కళ్ళు తుడుచుకునేదాకా ఆగారు. తర్వాత గడ్డం దించి నోరు తెరిచారు.

మింగారు. ఇంకోసారి మింగారు. దగ్గారు.

ప్రశాంతి అడగకముందే, "ఆ..." అన్నారు.

ప్రతి ఆదివారం వెళ్తున్నారిప్పుడు. ఎంతకాలమో ఎవరికీ తెలియదు.

పిన్నిని తల్చుకుంటే నాకు కనబడేది మాత్రం మేం కలిసి వెళ్ళిన ఆఖరి ఆదివారం. భోజనం అయ్యాక బాబాయి కుర్చీని చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. పడిపోయిన ఆయన కుడిచేతిని పైకెత్తి కుళాయి కింద పెట్టింది. ఆ చెయ్యి ఆ రోజు కంచాన్ని ముట్టుకోలేదు, మెతుకు అంటుకోలేదు. అయినా సబ్బు రాసి, వేలికీ వేలికీ మధ్య రుద్దుతోంది. వెనక నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఒకతను, "ఆంటీజీ, థోడా జల్దీ" అన్నాడు.

అన్నం తిన్నాం, చెయ్యి కడుక్కోవద్దా అని పిన్ని వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "ఖానా ఖాయా హై, భయ్యా. హాథ్ తో ధోయేంగే నా."

నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ముడుచుకుపోయిన ఆ వేళ్ళని పిన్ని ఒక్కొక్కటే విప్పి, నురగ పోయేదాకా కడుగుతూనే ఉంది.