పందుల తీగ, మా ఇంటి ఫ్యూజు

అంకిసలో మా ఇంటికి కరెంటు వచ్చాక అది రెండో వానాకాలం. నేను పెళ్లయి వచ్చి ఏడాది. ఇంట్లో మేం ముగ్గురమే: మా ఆయన, మా అత్త, నేను. ఉన్నవి రెండే బల్బులు, ఒకటి ముందరి అర్రలో, ఒకటి వంటింట్లో. వంటింటి బల్బుకు వైరు ఇనుప పైపులోంచి వెళ్లేది. ఆ పైపులో ఎలుకలు వైరు కొరికాయని అప్పుడు మాకు తెలియదు. వాన పడితే చాలు, ఫ్యూజు పోయేది.

ఫ్యూజు అంటే గోడకున్న పింగాణీ డబ్బాలో వెంట్రుకంత సన్నని తీగ. అది మాడగానే ఇల్లంతా చీకటి. మా ఆయన స్టూలెక్కి కొత్త తీగ చుట్టేవాడు, అది ఆ పూటే పోయేది. పొగలో, చిమ్నీ దీపం వెలుతురులో వండి వండి నాకు ఒళ్లు మండేది. పుట్టింట్లో కరెంటే లేకున్నా ఏనాడూ బాధపడని దాన్ని, ఇక్కడ ఏడాదికే మహారాణినైపోయాను.

ఒకనాడు పొద్దున మళ్లీ పోయింది. తీగ చుట్ట అయిపోయింది. సిరోంచకు పోతేగాని దొరకదు, వాగు నిండి బస్సు లేదు. నేను ఊరుకుంటేనా. పశువుల కొట్టం చూరులో పందుల తీగ ఉండేది, అడవి పందులు పడేందుకు వరి చేను చుట్టూ ఉచ్చులు పెట్టేది. దాన్ని మా అత్త గడప దాటనిచ్చేది కాదు. "పానం తీసే తీగ బిడ్డా, అది కొట్టంలనే ఉండాలె," అనేది. ఆమె పొలానికి పోయిన సమయం చూసి, ఒక ముక్క విరిచి తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాను.

"ఇది బాగ మోటుగున్నది," అన్నాడాయన.

"మోటుగుంటే మంచిదే గద. ఇగ పోదు," అన్నాను.

పోలేదు. వాన ఆగకుండా కొట్టినా బల్బు వెలుగుతూనే ఉంది. నేను తెగ మురిసిపోయాను. మూడో నాడు వంటింట్లో ఏదో మాడిన వాసన వచ్చింది. కూర అడుగంటిందేమోనని చూశాను, బాగానే ఉంది. నాలుగో నాడు అక్కడే చేపలు ఆరేసే దండెం తగిలి మోచేయి జిల్లుమంది. ఆ దండెం ఇనుప తీగే, ఒక కొస బల్బు వైరు వెళ్లే ఆ పైపుకే కట్టి ఉంది. భయమేసింది. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే తీగ సంగతి అత్తకు తెలుస్తుంది.

ఐదో నాడు మధ్యాహ్నం, మా ఆయన పొలంలో ఉండగా, అత్త కడిగిన చేపలు తెచ్చి తడి చేత్తో దండెం పట్టుకుంది.

అరవలేదు. నోరు తెరిచే ఉంది, మాట లేదు. వేళ్లు తీగ చుట్టూ బిగుసుకుపోయాయి. ఒళ్లంతా వణుకుతోంది, కళ్లు నన్నే చూస్తున్నాయి. నేను ఒక్క అడుగు వేసి ఆగిపోయాను. పట్టుకుంటే నేనూ పోతానని తెలుసు. నాకు చావంటే అంత భయమని అప్పటిదాకా తెలియదు. ఎంతసేపు అట్లా నిలబడ్డానో ఇప్పటికీ చెప్పలేను. తర్వాత ముందరి అర్రలోకి ఉరికి, స్టూలెక్కి, ఫ్యూజును పట్టి గుంజేశాను. చెయ్యి చుర్రుమంది. వంటింట్లో దబ్బున పడ్డ చప్పుడు వినిపించింది. ఆమె ఉందో పోయిందో చూసే ధైర్యం లేక, కాసేపు స్టూలు మీదే ఉండిపోయాను.

బతికింది. అరచేతిలో అడ్డంగా కాలిన గీత మిగిలింది.

వాగు తగ్గాక లైన్‌మన్ వచ్చాడు. ఫ్యూజు చూసి మా ఆయనను కసిరాడు. "సన్న తీగ ఎందుకు పెడ్తరనుకున్నవ్? వైర్ల ఏదన్న తప్పుంటే అదే ముందుగాల కాలి కరెంటు బంద్ జెయ్యాలె. గింత మోటు పందుల తీగ పెడ్తే అది కాలదు, లోపల వైరు కాల్తది. కాలి, పైపుకు అంటింది. పైపు నుంచి దండేనికి వచ్చింది."

అత్త మంచంలోంచి అంతా వింది. "గా తీగ ఇంట్లకు ఎవలు తెచ్చిండ్రు?" అని అడిగింది.

మా ఆయన నా వైపు చూడలేదు. "నేనే తెచ్చిన," అన్నాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆమె కొడుకును తిడుతూనే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ అరచేయి చూపించేది. "కొడుకు చంపబోయిండు, కోడలు బతికిచ్చింది," అనేది. ఆ మాట మొదలవగానే ఆయన మెల్లగా లేచి కొట్టంలోకి పోయేవాడు.

ఆఖరి రోజున కూడా ఆమె ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. ఆ గీత నా అరచేతికి గరుకుగా తగిలింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. మళ్లీ అదే భయం.

"అత్తా, మంచినీళ్లు తాగుతవా?" అని అడిగాను.