మెల్లగా లాగిన బోల్టు

మాదాపూర్‌లో నేను నడిపే ఆడపిల్లల హాస్టల్ కింద ఒక ఏటీఎం ఉంది. డబ్బుల బండి వచ్చినప్పుడల్లా దానితోపాటు దిగే గన్‌మన్ మా మెట్ల దగ్గర నిలబడతాడు. అతని తుపాకి మీది నూనె వాసన ఇడ్లీ ఆవిరినీ, పిల్లల షాంపూ వాసననూ తోసుకుంటూ వచ్చి నా ముక్కుకు తగులుతుంది. ఆ పూట ఇక నాకు వంటా తోచదు, వంటమనిషి మీద అరవడమూ తోచదు. మా నాన్న ఒకే దెబ్బకు దుర్గం చెరువు మీది కొంగనూ, దాని నోట్లోని చేపనూ, ఆ చేప మింగిన కప్పనూ కొట్టాడని చెబితే మా పిల్లలు ల్యాప్‌టాప్‌లు మూసి మరీ వింటారు. నిజానికి ఆయన జన్మలో దేన్నీ కొట్టలేదు. పోలీసు తుపాకులు బాగుచేసే మిస్త్రీ ఆయన.

ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ ఈ గుట్టల వెనకే మా క్వార్టర్లుండేవి. ఎండాకాలం బండలు కాలి పొద్దుగూకాక కూడా వేడి కక్కేవి, వానలు వెనకబట్టాక రాళ్ళ సందుల్లో సీతాఫలాలు కళ్ళు విప్పేవి, బతుకమ్మ దగ్గరపడితే తంగేడు పూలతో గుట్టంతా పసుపు పూసుకునేది. దసరాకు కోత్‌లో, అంటే తుపాకులు దాచే గదిలో, తుపాకులన్నింటినీ వరసగా నిలబెట్టి బంతిపూల దండలు వేసి బొట్లు పెట్టేవారు. మర్నాటి నుంచి నాన్నకు అదే పని, బోల్టు సందుల్లో నూనెతో కలిసి ముద్దైన కుంకుమను గుడ్డపీలికతో తీయడం. నేను అన్నం డబ్బా పట్టుకుపోయి ఆ వరండాలో కూర్చునేదాన్ని. తాతల కాలపు తుపాకులవి, కాల్చిన ప్రతిసారీ పిడి పట్టి బోల్టును చేత్తో వెనక్కి లాగి తోస్తేనే మరో తూటా ఎక్కేది. తూటా అడుగున చిన్న అంచు ఉంటుంది, మ్యాగజైన్ డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు పైదాని అంచు కిందిదాని అంచుకు ముందుండాలి, వెనకపడితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. మేం పిల్లలం ఒకేసారి గడపలో ఇరుక్కుంటే కూడా నాన్న, “అంచు ఎనకవడ్డది, ఒకరు ముందుకు జరగుండ్రి,” అనేవాడు.

నౌకరీలో ఉండగా పోయినవాళ్ళకు తుపాకి వందనం ఉండేది. సీసం లేని చప్పుడు తూటాలతో మూడుసార్లు కాల్చేవారు. మేం దాన్ని కూడా ఆటగా ఆడేవాళ్ళం, కందికట్టెలు తుపాకులు, చచ్చిపోయే వంతు నాదంటే నాదని కొట్లాట. పెద్దల వందనంలో మాత్రం ఎప్పుడూ ఏదో ఒక తుపాకి మధ్యలో ఇరుక్కునేది. తుపాకి ఆగిందంటే పోయినాయన కడుపులో చెప్పని మాటేదో ఉండిపోయిందని క్వార్టర్ల ఆడవాళ్ళ నమ్మకం. ఇక ఆ ఇంటి ఇల్లాలికి నిద్ర పట్టేది కాదు. ఎవరికి బాకీ పడ్డాడో, ఎవరిని తలచుకున్నాడో అని తవ్వుకుంటూ కూర్చునేది.

నాన్నకది పరువు సమస్య. చప్పుడు తూటా మూతి మొండిగా ఉండి గొట్టం అంచుకు పొడుచుకుంటోందని, మ్యాగజైన్ పెదవులు సరిచేసి దాన్ని దారికి తెచ్చాడు. కానీ పేలిన తూటా ఖాళీ గుల్ల బయటికి ఎగిరిపడకుండా లోపలే అడ్డంగా పడుకోవడం ఆగలేదు. గుల్లను పట్టిలాగే కొక్కెం చూశాడు, దాని స్ప్రింగు మార్చాడు, గుల్లను బయటికి తన్నే మరను బిగించాడు, గొట్టం లోపల గీతలేమో అని వేలుపెట్టి తడిమాడు. ఏ లోపమూ లేదు. ఫైరింగ్ గ్రౌండ్‌లో అవే తుపాకులు బుద్ధిగా పనిచేసేవి, శ్మశానంలోనే మొండికేసేవి. నాన్న స్నేహితుడు యాదగిరి మామ, పక్క క్వార్టర్ పోలీసాయన, పీనుగను చూస్తే తుపాకులు కూడా జడుసుకుంటున్నాయని నవ్వేవాడు.

గుట్టు విప్పింది అమ్మ. ఒకనాడు సీతాఫలం గింజలు ఉమ్ముతూ, “గ్రౌండుల బోల్టు గంత జోరుగ గుంజుతరు గదా. ఆడికి పోయినంక దేవునికి పూలు పెట్టినట్టు గుంజుతరేంది?” అంది.

నాన్న తింటున్న చెయ్యి ఆగింది. పోయినవాడి ముందు మోటుగా ఉండకూడదని మర్యాదకు మెల్లగా లాగుతున్నారు. బోల్టు చివరిదాకా విసురుగా వస్తేగానీ గుల్ల ఎగరదు. ఆనాటి నుంచి వందనానికి నిలబడే ప్రతివాడినీ కోత్ ముందు నిలబెట్టి, కోపంగా లాగమని నేర్పాడు. తుపాకులు ఆగడం మానేశాయి.

మరు వానాకాలం యాదగిరి మామకు కామెర్లు ముదిరాయి. దవాఖానలో నాన్న చెయ్యి పట్టుకుని, “నాది మాత్రం సాఫ్ పేలాలెరా. మా సత్తెమ్మ ఉత్తగనే పరేషాన్ అయితది,” అన్నాడు. నాన్న మాటిచ్చాడు.

మామ పోయిన రోజు వందనం వరసలో ఒకరు తక్కువైతే నాన్నే నిలబడ్డాడు. మొదటిసారి అన్నీ ఒక్క చప్పుడై పేలాయి. రెండోసారీ అంతే, గుల్లలు బండల మీద టింగుమని ఎగిరాయి. అప్పుడు నాన్న చెయ్యి చూశాను. జ్వరంతో పడుకున్న పిల్ల మీది దుప్పటి తీసినంత మెల్లగా బోల్టు వెనక్కి లాగింది. మూడోసారి అందరివీ పేలాయి, ఆయనది తప్ప.

దినాలు కాకముందే నాన్న సత్తెమ్మ అత్త ముందు కూర్చుని, “చెల్లె, తప్పు తుపాకిది కాదు, నాది. నా చెయ్యి మెత్తవడ్డది,” అన్నాడు.

“నువ్వు మిస్త్రీవి అన్నా. నీ చేతుల తుపాకి ఆగుతదా? ఆయననే ఆపిండు. ఏదో చెప్పేది ఉండె.”

ఆయన పనితనమే ఆయన మాటను నమ్మనివ్వలేదు. అత్త అన్నం మానేసింది. మామ చొక్కాల జేబులు తిరగేసేది, వచ్చినవాళ్ళనల్లా ఆయన చివరికి ఏమన్నాడని అడిగేది. గోడకు ఆనుకుని చిక్కిపోతున్న ఆమెను చూడలేక ఒక మధ్యాహ్నం నేనే నోరు తెరిచాను. సర్వపిండి రొట్టె అంచులు మాడితేనే తనకిష్టమనీ, ఆ మాట పెళ్ళాంతో ఎన్నడూ అనలేదనీ మామ దవాఖానలో నాతో చెప్పాడన్నాను. అత్త లేచి పొయ్యి వెలిగించింది. నా మొదటి కట్టుకథ అది. పండుగకొకటి చొప్పున ఆమె అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడా క్వార్టర్లు లేవు, సీతాఫలాల గుట్టను పేల్చి నేలమట్టం చేశారు. కోత్ ఉన్నచోట ఆఫీసు బస్సులు ఆగుతాయి. ఆ తుపాకులను ఏ కొలిమిలో కరిగించారో తెలియదు. నాన్న రిటైరయ్యాక పోయాడు, రిటైరైనవాళ్ళకు కాల్పులుండవు. సత్తెమ్మ అత్త జీడిమెట్లలో చెల్లెలి ఇంట్లో ఉంది. ఆదివారాలు వెళ్తుంటాను. ఈ మధ్య తనంతట తాను ఏమీ అడగడం లేదు. మొన్న నేనే మొదలుపెట్టాను, మామ బతుకమ్మకని తంగేడు కోయబోయి తేనెటీగలను తలకెత్తుకుని వచ్చిన కథ. నోరు తెరుచుకుని విన్నది, రెండుసార్లు నవ్వింది. అయిపోయాక నా చెయ్యి నిమిరి, “మంచోడే పాపం. ఎవరింటాయన బిడ్డా?” అని అడిగింది.