ఎడమచేతి గిటారు

మా ఆవిడ పాట మానేసిందని నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. గనిలో పైకప్పు పెళ్ల ఊడి నా ఎడమచేతి మీద పడ్డ రోజు నుంచి ఇంట్లో అందరూ నా వేళ్ల గురించే మాట్లాడారు, నేనూ అంతే. నడిమి వేలు, ఉంగరం వేలు సగానికి పోయాయి. దవాఖాన, మెడికల్ బోర్డు అయ్యాక గని పైన, టోపీ లైట్లిచ్చే ల్యాంపు రూములో తేలిక డ్యూటీ ఇచ్చారు. నా గిటారు సజ్జ మీదికి ఎక్కింది. అంతకుముందు గోదావరిఖనిలో మా కాలనీలో ఏ ఫంక్షనైనా నేను వాయించేవాణ్ని, ఆమె పాడేది. వంటింట్లోనూ పాడుతూనే ఉండేది. ఒకరోజు అన్నం తింటూ అడిగాను.

"ఏందే, ఈ మధ్య పాడుతనే లేవు?"

"నువ్వు వాయిస్తలేవు గద. నాకు ఒక్కదాన్నే పాడబుద్ధి అయితలేదు," అంది కూర వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా.

నాకు ఒళ్లు మండింది. పోయింది నా వేళ్లు, మధ్యలో ఆమె గొంతు ఎందుకు పోవాలి? చేయి కడుక్కుంటూనే అనుకున్నాను, ఈమె చేత పాడించకపోతే నేను నేను కాదని.

ఇన్నాళ్లూ తీగెలు నొక్కింది ఎడమచెయ్యే. ఇక కుడిచేత్తో నొక్కి, ఎడమచేతిలో మిగిలిన వేళ్లతో మీటాలి. పాత గిటారు తిరగేసి చూశాను. తీగెలు గట్టిగా ఉండి, కొత్తగా నేర్చుకుంటున్న కుడి వేళ్లు బొబ్బలెక్కాయి. ఎలక్ట్రిక్ గిటారు తీగెలైతే మెత్తగా వంగుతాయి. మంచిర్యాలలో దుకాణాలన్నీ తిరిగాను, ఎడమచేతి వాటంది ఒక్కటీ లేదు. ఉన్నదాన్నే తిరగేసి వాయించుకోమన్నారు. అలా పట్టుకుంటే దాని బటన్లన్నీ నా మోచేతికి తగిలాయి. ఇక నేనే చేస్తానని మా బామ్మర్దికి చెప్పాను. అతనికి చౌరస్తాలో మోటార్లు వైండింగు చేసే షాపుంది.

"బావా, నువ్వు బిగించిన తలుపు గడియ నెలకే ఊడింది. గిటారు జేస్తవా నువ్వు?"

"చేస్త. నువ్వు తీగ చుట్టు, చాలు."

కోత మిల్లుకు వెళ్లి టేకు పలకలను ఒక్కొక్కటే వేలి కణుపుతో కొట్టి చూశాను. గనిలో అడుగు పెట్టగానే పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి, మోతను బట్టి గట్టిదో గుల్లదో తెలుసుకునేవాళ్లం. ఆ చెవి నాకింకా ఉంది. మిల్లువాడు నన్ను ఎగాదిగా చూశాడు, చూడనీ అనుకున్నాను. క్వార్టరు వెనక రేకుల షెడ్డులో డ్యూటీ దిగాక రోజూ కూర్చుని, ఆకురాయితో గిటారు మెడ గీకాను, దాని మీద అతికించే పలకకు వేళ్లతో నొక్కే మెట్ల కోసం రంపంతో గాడులు కోశాను. ఉలి రెండుసార్లు జారి బొటనవేలు తెగింది. ఆమె పసుపు తెచ్చి అద్దింది తప్ప వద్దనలేదు. తీగెల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతాల చుట్టూ మా బామ్మర్ది వెంట్రుకకన్నా సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టాడు. అది తెగినప్పుడల్లా నన్ను తిట్టాడు. పాలిషు పూస్తే తెల్లారేసరికి బొగ్గు దుమ్ము అంటుకుని గరుకు తేలేది. మూడుసార్లు గీకేసి, చివరికి దోమతెర కట్టి అందులో ఆరబెట్టాను.

తీగెలు బిగించిన రోజు మా ఆవిడనూ బామ్మర్దినీ పిలిచి కూర్చోబెట్టాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని గొంతు సవరించుకుంది. నేను వాయించింది ఒక్క వేలి పాటే. కింది మెట్ల మీద బాగానే పలికింది. పాట పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి మొదలైంది. ఆమె రెండు లైన్లు పాడి ఆగిపోయింది.

"తీగెలు మంచియి కావు కావచ్చు," అన్నాడు మా బామ్మర్ది.

"తీగెలు కాదు," అందామె. "పైకి పోయినకొద్ది ఎక్కువ తప్పుతున్నది. శ్రుతి కలుస్తలేదు."

అని వంటింట్లోకి వెళ్లిపోయింది. గిటారును గోడకేసి కొడదామన్నంత కోపం వచ్చింది. కొట్టలేదు, స్కేలు తీసి కొలిచాను. పన్నెండో మెట్టు ఉండాల్సిన చోటికి మూడు మిల్లీమీటర్లు అవతల ఉంది. లెక్కల్లో ఏ తప్పూ లేదు, తప్పంతా నా అలవాటుది. గనిలో పైకప్పు కింద ఆసరాకు కర్ర దిమ్మెలు నిలబెట్టేటప్పుడు, వెనక దిమ్మె నుంచి ఇన్ని అడుగులని కొలిచి తరువాతి దిమ్మె పెడతాం. పని ముందుకు జరుగుతూ ఉంటుంది, మరి ఇంకెక్కడి నుంచి కొలుస్తాం? ఒక అంగుళం అటూ ఇటూ అయినా పైకప్పు ఏమీ అనదు. గిటారు మెట్లను కూడా అలాగే ఒకదాని నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోయాను. రంపం గాడి మందం ప్రతిసారీ కొంత కొంత కలిసి అంతైంది. నలుగురికి నేర్పిన పనే నన్ను ముంచింది.

ఆమెను అడిగి ఇస్త్రీ పెట్టె తెచ్చి, మెట్లున్న పలకను జిగురు వదిలేలా వేడి చేసి, కత్తి దూర్చి ఊడదీశాను. కొత్త పలక తీసుకుని అంత గీకుడూ మళ్లీ చేశాను. ఈసారి స్కేలు ఒక్కసారి పెట్టి, కదలకుండా బిగించి, అన్ని గీతలూ తీగెలు మొదలయ్యే చోటు నుంచే కొలిచి గీశాను. చేయి పాత పద్ధతికే లాగింది. నేను పోనియ్యలేదు.

నెలన్నర తరువాత ఒక ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని మళ్లీ వాయించాను. ఈసారి ఎవరినీ పిలవలేదు, పిలిచే ధైర్యం లేకపోయింది. పైమెట్లు కూడా సరిగ్గా పలికాయి. ఆమె బియ్యం ఏరుతున్న చాటతోనే వచ్చి గడపలో నిలబడింది. కాసేపు విని, అడక్కుండానే అందుకుంది. గొంతు కొంచెం బొంగురుపోయింది, కానీ అదే గొంతు. మూడో లైనుకు నా కుడి వేళ్లు చిక్కుపడ్డాయి, తరువాతి స్వరం ఎక్కడుందో దొరకలేదు. పాట చెడిందనుకుని ఆపబోయాను. ఆమె ఆపలేదు. ఆ అక్షరం మీదే గొంతు నిలిపి, చాట పట్టుకుని, ఊపిరి ఉన్నంతసేపూ సాగదీసింది.

నాకు కళ్లు నిండి తీగెలు కనపడలేదు. వేలితో తడుముకుంటూ పోయి ఆ మెట్టు నొక్కాను. అప్పుడు పాడింది తరువాతి మాట.