పెద్దమ్మ చెల్లించిన మొక్కు

మా చిత్తూరు వైపు మొక్కుకు ఒక న్యాయం ఉంది. కోరిక తీరితే చెల్లించాలి; తీరకపోతే చెల్లించవలసిన పని లేదు. బిడ్డ పుడితే తలనీలాలిస్తానని మొక్కుకున్నవాళ్లు బిడ్డ పుట్టకపోతే జుట్టుతోనే ఉంటారు, స్వామి ఏమీ అనుకోడు. ఈ న్యాయం తెలియనివాళ్లు మా ఇళ్లలో లేరు. అందుకే పెదనాయన సంవత్సరీకం నాడు, భోజనాలయ్యాక, "ఏడాదయిపోయింది గదా, ఇంక కొండకు పోయి గుండు చేయించుకోవాల. మొక్కుండాది" అని పెద్దమ్మ అన్నప్పుడు, విస్తళ్లు ఎత్తుతున్న చేతులు ఆగిపోయాయి.

ఆ మొక్కు ఏమిటో ఆ ఇంట్లో పెద్దమ్మ కాక నాకొక్కదానికే తెలుసు.

పెదనాయనది బెల్లం మండీ. రోజంతా ఆకూవక్కా పొగాకూ నములుతూ ఉండేవాడు. దవడ వాచినప్పుడు, ఎముక పక్కకు తొలగిందేమోనని ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, పుత్తూరుకు తీసుకెళ్లాడు. కట్టు కట్టేవాళ్లు తాకి చూసి ఆసుపత్రికి పొమ్మన్నారు. ఆసుపత్రిలో కేన్సర్ అన్నారు. అప్పటినుంచి చిన్నాయన తన అంగడి మూసుకుని అన్న వెంటే తిరిగాడు. మద్రాసులో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాడు. పుండు మానకపోతే మళ్లీ పెట్టించాడు. రెండోసారికి చర్మం కాలి నల్లబడింది, మింగడం పోయింది, మాట పోయింది. ముక్కులోని గొట్టంలో రాగిజావ పోస్తుంటే పెదనాయన అరచెయ్యి ఎత్తి చాలని సైగ చేసేవాడు. జావ చాలన్నాడని చిన్నాయన అర్థం చేసుకునేవాడు. పెద్దమ్మ అర్థం వేరు.

నేను అప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి బి.ఏ. చదువుతున్నాను. చర్చా పోటీలు నాకు చదువుకన్నా ముఖ్యం. ఆ ఏడు మా కాలేజీలో ఇచ్చిన విషయం: నయంకాని రోగికి మరణాన్ని కోరే హక్కు ఉండాలా? ఉండాలని వాదించాను. నమ్మే వాదించాను, ఇప్పటికీ నమ్ముతాను. అయితే వేదిక మీద, "నేనెరిగిన ఒక మనిషి ఉన్నాడు" అని మొదలుపెట్టి, ఆ గదిని, సాంబ్రాణికి లొంగని ఆ పుండు వాసనను, ఎత్తిన ఆ అరచేతిని వర్ణించాను. ఆ వాసనకు తాళలేక, నీళ్లు తాగే నెపంతో నేను ఎన్నిసార్లు ఆ గదిలోనుంచి బయటికి వచ్చానో మాత్రం చెప్పలేదు.

గెలిచిన కప్పుతోనే చిత్తూరుకు వెళ్లాను. పెద్దమ్మ వంటింట్లో జావను గుడ్డలో వడగడుతోంది. మెచ్చుకుంటుందని విషయమంతా చెప్పాను.

"అంటే, సచ్చిపోతానన్నోడిని పోనీయాలంటావు."

"అవును పెద్దమ్మా."

"నోరు లేనోడి బదులు ఇంకొకరు అడగొచ్చునా?"

ఎదుటి పక్షంవాళ్లు నన్ను అడగని ప్రశ్న అది. పెద్దమ్మ గుడ్డ పిండుతూ చెప్పింది. "మద్రాసోళ్లు నిద్రమందు ఇచ్చినారు. ఒకదినం సీసాడు మందూ జావలో పోసేద్దామని మూత తీసినాను. చెయ్యి రాలేదు. నా చేత కానిది ఆయన చేస్తాడని కొండమీదాయన్ని అడిగినాను. తీసుకో సామీ, నా ఎంటికలిస్తానని."

ఓదార్చలేదు నేను. సమర్థించనూలేదు. వాకిలివైపు చూశాను. "అట్లనకూడదు పెద్దమ్మా, ఎవరన్నా వింటే?"

ఆమె నవ్వింది. "కాలేజీలో అంటే కప్పిస్తారు, ఈడంటే మాత్రం ఎవురన్నా వింటారని బయమా?"

తరువాత కొద్ది వారాలకు పెదనాయన పోయాడు. మూడోసారి మద్రాసుకు చిన్నాయన అప్పటికే టికెట్లు తీసి పెట్టాడు. ఇంట్లో చావు జరిగితే ఏడాదిపాటు కొండెక్కకూడదు కనుక పెద్దమ్మ ఏడాది ఆగింది.

"ఏం మొక్కు వొదినా?" విస్తరి కింద పెట్టి చిన్నాయన అడిగాడు. "అన్న బతకాలని గదా మొక్కుకున్నావు. బతకలేదు. మనం ఇచ్చేదేముండాది?"

"మొగుడు పోతే గుండు గీయించుకునేది మన ఇండ్లలో యాడా లేదే తల్లీ" అంది ఒక ముసలమ్మ.

పెద్దమ్మ తలెత్తింది. చెప్పబోతోందని నాకు తెలిసిపోయింది. ఆమెకన్నా ముందు నేను నోరు తెరిచాను.

"మొక్కు బేరం కాదు చిన్నాయనా. నువ్వు ఇస్తే నేనిస్తానన్నది అంగడి మాట. స్వామి ఇవ్వకపోయినా ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలంటోంది పెద్దమ్మ. భక్తి అంటే అది."

వినేవాళ్లు దేన్ని నమ్మాలని లోలోపల ఆశపడుతున్నారో పసిగట్టి దాన్నే వాళ్ల చేతికివ్వడం పోటీల్లో నేర్చిన విద్య. చిన్నాయన కళ్లు నిండాయి. అందరిముందూ వంగి వదిన పాదాలు తాకాడు. "దేవతవు వొదినా. నేనే దగ్గరుండి తీసకపోతా" అన్నాడు. పెద్దమ్మ పాదాలు వెనక్కి తీసుకుంది. అది కూడా వినయమేనని అందరూ అనుకున్నారు.

తిరుపతి బస్సులో చిన్నాయన ముందు సీట్లో కునుకు తీస్తున్నప్పుడు ఆమె నన్ను అడిగింది. "ఎందుకు మే అట్ల చెప్పినావు?"

"నిన్ను తిడతారని."

"తిట్టనీ. నాలుగు తిట్టి, నాలుగు దినాలు మాట్లాడకుండా ఉండి, ఊరుకునేవాళ్లు. తిట్లు మోసేదానికి నాకు వీపుండాది. ఈ దండాలు యాడ పెట్టుకోవాల?"

నీ కోసమే పెద్దమ్మా అన్నాను. అది సగం నిజం. నీకు ముందే తెలుసా అని చిన్నాయన నావైపు తిరుగుతాడన్న భయం తక్కిన సగం. మొగుడి చావు కోరిన మనిషికి చెల్లెలి కూతుర్నని నలుగురూ అనుకుంటారన్న భయం కూడా అందులో ఉంది. వేదిక మీద హక్కు అన్నదాన్నే ఇంట్లో నేను పరువు తక్కువ అనుకున్నాను.

అలిపిరి నుంచి నడిచే ఎక్కుతానని పెద్దమ్మ పట్టుబట్టింది. సంచీ చిన్నాయన మోశాడు. ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్న ప్రతిచోటా, పక్కన కూర్చున్న యాత్రికులకు ఆమెను చూపించేవాడు: "మా వొదినమ్మ. అన్న బతకలేదు, అయినా మొక్కు చెల్లిస్తా ఉండాది." ఎవరెవరో చేతులు జోడించేవాళ్లు. నడుము పట్టేసిన ఒక తమిళ ముసలాయన కష్టపడి లేచి మరీ దండం పెట్టాడు. పెద్దమ్మ మెట్లనే చూస్తూ ఎక్కింది. నేను వాళ్లిద్దరికీ అందనంత వెనుక నడిచాను.

కల్యాణకట్టలో మంగలి ఆమె తల తడిపి, "మూడు కత్తెర్లా, గుండా అమ్మా?" అని అడిగాడు.

"గుండే."

"అప్పా, మా వొదిన మామూలు మనిషి కాదు, మా అన్న బతకాలని..." అని చిన్నాయన అందుకున్నాడు.

"ఆపబ్బా." పెద్దమ్మ తడితల ఎత్తింది. "నేనడిగింది సామి ఇచ్చినాడు. అందుకే ఇస్తా ఉండా. ఈ పిల్ల చెప్పిందంతా నన్ను కాపాడేదానికి చెప్పింది."

"ఏమడిగినావు?" అన్నాడు చిన్నాయన. అడుగుతుండగానే ఆయనకు అర్థమైంది.

"మీయన్నను తీసుకోమని."

మంగలి, "తల వంచమ్మా" అన్నాడు.

జుట్టంతా రాలేదాకా చిన్నాయన అక్కడే నిలబడ్డాడు. "నేను బతకాలని మొక్కుకున్నా వొదినా. ఇద్దరం ఒక్క సామినే అడిగినాం."

"తెలుసు."

"నాతో ఒక మాట చెప్పుండచ్చు గదా."

"చెప్పుంటే ఇంకొకసారి మద్రాసుకు టికెట్లు తీసుంటావు."

ఆయన సంచీ నా చేతికిచ్చాడు. ఆ చూపులో కోపం ఉంటే భరించేదాన్ని. నలుగురిలో ఏడిపించి మోసం చేసిన మనిషిని చూసినట్లు చూశాడు. "దర్శనానికి మీరు పోండి" అని, ఒక్కడే మెట్లదారిన దిగి వెళ్లిపోయాడు.

కొన్ని నెలలు ఆయన పెద్దమ్మ ఇంటి ఛాయలకు రాలేదు. తరువాత ఒక ఉదయం వచ్చి, వాకిట్లో కూర్చుని, తినేదానికి ఏముందని అడిగాడట. ఆమె సంగటి పెట్టిందట. మండీ లెక్కలకూ, పిల్లల సంబంధాలకూ వదిన మాటే ఆయనకు ఆఖరి మాట అయింది. అన్న చావును కోరిన మనిషిని ఆయన క్షమించగలిగాడు.

నేను ఆ తరువాత కూడా పోటీలకు వెళ్లాను, గెలిచాను. పెళ్లిళ్లలో ఎదురుపడితే చిన్నాయన నన్ను ఆదరంగానే పలకరిస్తాడు, కుర్చీ తెప్పిస్తాడు. నేనేదైనా చెప్తే చివరిదాకా శ్రద్ధగా వింటాడు. విని, పక్కనున్న వాళ్లెవరినో మెల్లగా అడుగుతాడు: "నిజమేనా?"