నోట్లో మేకులు

సోఫాల మేస్త్రి పని చేసేటప్పుడు మేకులు నోట్లో పోసుకుంటాడు. ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చి, తీసి చెక్కలోకి సుత్తితో టకటకా కొట్టేస్తాడు. భార్య ఏదైనా అడగాలంటే ఆ సమయం చూసుకుని షాపుకొచ్చి అడుగుతుంది. నోట్లో మేకులుంటే "ఊఁ" తప్ప ఇంకేమీ అనలేడు కదా! నోరు ఖాళీగా దొరికితే మాత్రం ప్రసంగం మొదలు.

ఆ సంగతి ఆమెకు అనుభవం మీద తెలిసింది.

"ఏవండీ, కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను. మెత్తటి కుర్చీ ఒకటి చేసి పెట్టకూడదూ?" అని ఆమె మొదటిసారి అడిగింది మేకులు లేనప్పుడు.

"ఊరంతా సుఖం సుఖం అని చస్తున్నారు. కుర్చీ మెత్తగా ఉండాలి, కారు మెత్తగా ఉండాలి, చివరికి దేవుడి మాట కూడా మెత్తగానే ఉండాలట! మనకున్నది చాలదటే?"

"చాల్లెండి," అంది ఆమె.

రెండోసారి మేకులున్నప్పుడు అడిగింది. "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత దాని ఊసే లేదు.

మేస్త్రి చెడ్డవాడేం కాదు. తాగడు, అబద్ధమాడడు. ఊరివాళ్ల సోఫాలకు స్పాంజి నింపి బతుకుతూ, తన ఇంట్లో మాత్రం చెక్క స్టూళ్లే ఉంచుకున్నాడు. చర్చిలో ప్రతి సీటుకూ చిన్న కుషన్ ఊరికే కుట్టిచ్చి, తను మాత్రం ముందు వరసలో ఒట్టి చెక్క మీద కూర్చునేవాడు. "సుఖాన్ని వదులుకోవడమంటే ఏమిటో మేస్త్రిగారిని చూసి నేర్చుకోండి," అని పాస్టరుగారు తరచూ అనేవారు. మేస్త్రి తల వంచుకునేవాడు. తల వంగేదే గానీ చెవులు నిక్కబొడుచుకునే ఉండేవి. ఆ చెక్క మీద ఆయన పొందిన సుఖం ఊళ్లో ఏ సోఫా మీదా ఎవరూ పొంది ఉండరని నా అనుమానం.

మొన్న చర్చిలో గంట కొట్టే తాత ఆ కుషన్లన్నీ మూటగట్టి షాపుకు తెచ్చాడు. అణిగిపోయాయి, స్పాంజి మార్చాలి. నలిగిన కుషన్ చూసి దాని మీద కూర్చున్న మనిషి ఎలాంటివాడో చెప్పేయగలడు మేస్త్రి.

"ఇది ప్రసంగంలో నిద్రపోయే మనిషిది, వెనక్కి జారింది చూడు. ఇదేమో ఎప్పుడు వదులుతారా అని కాచుక్కూర్చునే మనిషిది. ముందు అంచే అరిగింది."

తాత పడీ పడీ నవ్వుతున్నాడు. మేస్త్రి ఇంకొకటి తీశాడు. దాని ఎడమవైపు అట్టలా అణిగిపోయింది, కుడివైపు కొత్తదానిలా ఉంది.

"అయ్యో పాపం! ఈ మనిషికి కుడి తుంటి పాడైంది తాతా. బరువంతా ఎడమవైపే మోస్తోంది. ఇంట్లో చూసుకునేవాళ్లే లేరా? ఉంటే వాళ్లకు కళ్లు లేవా?"

దాని వెనక రాసిన సీటు నంబరు చూసి తాత నవ్వు ఆగిపోయింది. "అది ఆడవాళ్ల వైపు కిటికీ పక్క సీటుది," అన్నాడు.

"అక్కడెవరు కూర్చుంటారు?"

"మీ ఆవిడే, మేస్త్రీ."

ఆ రోజు మేస్త్రి పెందలాడే ఇంటికి వెళ్లాడు. ఆమె కింద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఆయన్ని చూసి గోడ పట్టుకుని, పళ్ల బిగువున లేచింది. ఆ గోడకు ఆమె చెయ్యి ఆనే చోట సున్నం అరిగి నల్లబడి ఉంది. రోజూ చూసే గోడే. మేస్త్రికి సిగ్గుతో తల తిరిగిపోయింది. నొప్పి ఆమె పడింది, పొగడ్త తను పుచ్చుకున్నాడు. పైగా దానికి తృప్తి అని పేరు పెట్టాడు.

గిరాకీ పనులన్నీ పక్కన పెట్టి ఎత్తైన చేతుల కుర్చీ ఒకటి చేశాడు. ఇంటికి తెచ్చేసరికి ఆమె సంతోషించడానికి బదులు కంగారుపడింది.

"ఇవాళే తెచ్చారా? సాయంత్రం పాస్టరుగారు పెళ్లి కుదిరిన జంటను తీసుకొస్తున్నారుగా, మనం ఎంత తక్కువతో బతుకుతున్నామో చూపించడానికి! లోపల పెట్టేయండి. వాళ్లెళ్లాక కూర్చుంటాలెండి."

చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, ఆ మాటకు ఆయన ప్రాణం లేచొచ్చింది. కుర్చీని లోపలి గది గుమ్మం దాకా మోసుకెళ్లాడు కూడా. వెనక ఆమె స్టూళ్లు సర్దుతూ, గోడ పట్టుకుని నడుస్తోంది. తన పరువు కోసం ఇంకో సాయంత్రం కూడా నొప్పి ఓర్చుకోబోతోంది. మేస్త్రి కుర్చీని వెనక్కి తెచ్చి గది మధ్యలో వేశాడు.

"కూర్చో. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

పాస్టరుగారు లోపలికి వస్తూనే ఆ కుర్చీని చూసి కాస్త తడబడ్డారు. "ఇది... ఎవరిదో గిరాకీవాళ్లదై ఉంటుంది," అన్నారు.

అవునంటే సరిపోయేది.

"మా ఆవిడదే అయ్యగారూ. ఎప్పుడో చెయ్యాల్సింది," అన్నాడు మేస్త్రి. "ఈ ఇంట్లో సుఖం వదులుకుంది ఆవిడ. పేరు కొట్టేసింది నేను. ఇకమీదట చర్చిలో నా పేరెత్తకండి."

పెళ్లికూతురు కాబోయేవాడి వైపు ఓ చూపు చూసింది.

వాళ్లు వెళ్లిపోయాక మేస్త్రి స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. జేబులోంచి గుప్పెడు మేకులు తీసి నోట్లో పోసుకున్నాడు. చేతిలో సుత్తి లేదు, ముందు పనీ లేదు.

"ఇప్పుడు మేకులెందుకండీ?" అంది ఆమె.

ఆయన చెప్పమన్నట్టు చెయ్యి చూపించాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆమె కాసేపు ఆయన్నే చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి జారగిలబడింది.

"పెళ్లైన కొత్తలో ఓసారి అడిగాను. మీకు గుర్తుండదు లెండి..." అని మొదలుపెట్టింది.