ఏడో జాయింటు దగ్గర పల్లం

పోయిన వారం బెజవాడ నుంచి ఒకాయన ఫోన్ చేసి, మీ పెరట్లో బొమ్మ రైలు పట్టాలున్నాయటగా, అమ్ముతారా అని అడిగారు. కొత్తవి విదేశాల నుంచి తెప్పించే స్తోమత తనకు లేదని, ఇక్కడ దొరికే చౌక రకాలేమో తన ఇంజనుకు సరిపోవడం లేదని అన్నారు. పట్టాల మధ్య ఎంత ఉందో కొలిచి చెప్పమంటే టేపు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. లోపలి అంచు నుంచి లోపలి అంచుకు నాలుగున్నర సెంటీమీటర్లు. ఆ మాట చెప్పి, అమ్మనని కూడా చెప్పి పెట్టేశాను. మేమూ ఒకప్పుడు ఇలాగే తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ ఫోన్లు చేసి ఇదే కొలత అడిగామని ఆయనతో అనవలసింది, అనలేకపోయాను.

మావారు వినుకొండ వైపు రైలు మార్గంలో గ్యాంగ్ మేస్త్రీగా పనిచేశారు. మిరపకాయల టిక్కీ బస్తాల పక్కన తుమ్ముకుంటూ ప్రయాణం చేసిన ఆ మీటర్ గేజి బండి నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. దాన్ని తీసేసి బ్రాడ్ గేజి పెద్ద లైను వేసినప్పుడు, తన చేత్తో బిగించిన పట్టాలను తానే ఊడదీయించి లారీలకెక్కించిన ఆ రోజుల్లో, ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చునేవారు గాని సరిగ్గా తినేవారు కాదు. రిటైరైన చాలా ఏళ్ళకు ఎక్కడో పాతది ఒక చిన్న బొమ్మ ఇంజను కొనుక్కొచ్చారు. అప్పటికే గుండె బాగా లేదు, గుంటూరులో ఆపరేషన్‌కు రమ్మన్నారు. వెళ్ళేలోగా ఆ బండి పెరడంతా ఒక్క చుట్టు తిరిగి రావాలన్నదే ఆయన పట్టుదల.

ఇంజను ఉంది, పట్టాలు లేవు. గుంటూరు బొమ్మల కొట్లో కొన్నవి చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా రవ్వంత ఇరుకు, చక్రాలు పైకెక్కి కూర్చున్నాయి. తర్వాత తెప్పించినవి వెడల్పు సరిపోయాయి గాని ఎత్తు తక్కువై, చక్రాల అంచులు పట్టాల కింద అడ్డంగా ఉండే బిళ్ళలకు తగిలేవి. చివరికి ఒంగోలులో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన తన ఇత్తడి పట్టాలను పాత ఇత్తడి ధరకే ఇచ్చారు. చీమకుర్తి నుంచి వచ్చిన గ్రానైటు ముక్కలు పరిచి, సన్న కంకర పోసి, చెంప నేలకానించి ఒంటికన్నుతో వరస చూసుకుంటూ మావారు నెల రోజులు వాటిని పరిచారు.

తీరా పట్టాలకు కరెంటు పెడితే బండి ఒక్క ముక్క పొడవు నడిచి ఆగిపోయింది. పంపుసెట్ల మోటార్లు చుట్టే సాయిబుగారిని పిలిస్తే ఆయన వంగి చూసి నవ్వాపుకోలేకపోయారు.

“ఇదేంది మేస్త్రీగారూ, ముక్కకీ ముక్కకీ మధ్యన సందు వదిలేశారే! కరెంటు దూకుద్దా?”

“సందు లేకపోతే ఎండకి పట్టా సాగి వంకర పోదూ? నువ్వు మోటార్లు చుట్టుకో సాయిబూ, లైను సంగతి నాకు చెప్పమాక.”

“మీ లైను మీదే సామీ. బండి కూడా మీరే నెట్టుకుంటారా మరి?”

జన్మంతా వదిలిన సందును ఆయన బొమ్మ పట్టాకైనా వదలకుండా ఉండలేకపోయారు. పట్టాలను కలిపే రేకులు బిగుతుగా ఉన్నాయని తీసి పారేశారు. కాసేపు వాదించుకున్నాక ఇద్దరూ ఒక దారికొచ్చారు. సందులు సందుల్లాగే ఉంటాయి, ఒక్కోదాని మీదుగా సాయిబుగారు రాగి తీగ అతుకుతారు. పంపుసెట్ల పని ముమ్మరంగా ఉన్న రోజులు కావడంతో అది సాగుతూ సాగుతూ ఉండగానే మావారికి ఆయాసం ఎక్కువై, ఆపరేషన్ రోజు రాకముందే గుంటూరు తీసుకెళ్ళవలసి వచ్చింది.

చివరి తీగ అతికానని సాయిబుగారు కబురు పెడితే, ఆసుపత్రిలో మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి నేను పొద్దున్నే ఇంటికొచ్చాను. తమ్ముడికి ఫోను చేసి మావారి చెవి దగ్గర పెట్టమన్నాను. బండి కదిలించి, నా ఫోను పట్టాల పక్కన నేల మీద పెట్టాను. అది టకటకమంటూ పెరడంతా చుట్టి నా కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది. ఫోను తీసి చెవిన పెట్టుకున్నాను.

“ఏమండీ, విన్నారా?”

“విన్నా. ఏడో జాయింటు కాడ పల్లం ఉంది. కంకర కొట్టు.”

తిరిగొచ్చిందని సంతోషించారో లేదో చెప్పలేదు. నేను అట్లకాడతో ఆ జాయింటు కింద కంకర కూరి గుంటూరు బస్సెక్కాను. నేను చేరేసరికే ఆయన్ని ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళారు. మళ్ళీ మాట్లాడుకోలేదు.

దినాలయ్యాక బండి నడిపి చూశాను. ఇప్పటికీ అప్పుడప్పుడు నడుపుతాను. చక్రాలు దాటుతుంటే లెక్కపెట్టి ఏడోదాని దగ్గర చెవి పెడతాను. నాకు అన్నీ ఒకలాగే వినిపిస్తాయి. పెద్ద లైను మీద ఇప్పుడు జాయింట్లే లేవట, పట్టాలన్నీ ఒకటిగా అతికేశారట, పల్లాలేవైనా ఉంటే యంత్రాలే కనిపెడతాయట. బండి మా ఊరు దాటేటప్పుడు ఒకటే సాగదీసిన చప్పుడు. ప్రయాణం సుఖంగా ఉంది, కాదనను. నేను కూరిన కంకర సరిపోయిందో లేదో మాత్రం నాకింకా తెలియదు. విని చెప్పగలిగిన మనిషి లేరు.