కొలతమ్మ కూడిన నీళ్లు

మా తమ్ముడి కూతురు మూడోసారికి పదో తరగతి లెక్కల్లో గట్టెక్కింది. ముందు చెప్పవలసింది అదే. రెండుసార్లూ దాన్ని ముంచినవి అంకశ్రేఢులే. మూడో ఏడు వాటినే నమిలి మింగింది. ఐదో తరగతితో బడి మానేసిన నేను ఎదురుగా కూర్చుని పాఠం అప్పజెప్పించుకునేవాణ్ణి.

"ప్రతిసారీ ఒకే అంకె కలుపుకుంటూ పోవడమేగా పెదనాన్నా! దీనికింత పెద్ద పేరెందుకో" అనేది.

"అంత చిన్నదైతే రెండేళ్లు నిన్నెందుకు తన్నిందే?" అనేవాణ్ణి.

ఆ తర్వాత దానికి ఎదురులేదు. సొరంగం పనిలో కొలతల ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో సొరంగం దిగి రాళ్లు మోసినవాళ్లం చాలామందిమి. టేపు పట్టుకుని దిగింది అదొక్కతే. చేరిన వారానికే గొట్టాల గుట్ట లెక్క తేల్చింది. కింది వరసలో పదిహేను, పైకి వరసకొకటి తగ్గుతూ చివర నాలుగు. లారీ డ్రైవరు వేలు పెట్టి ఒక్కొక్కటీ ఎంచుతుంటే, "పైదీ కిందిదీ కలిపితే పంతొమ్మిది, అలాంటి జతలు ఆరు, మొత్తం నూట పద్నాలుగు. ఇక దిగన్నా, టీ చల్లారిపోతోంది" అందట. అప్పట్నుంచి అది అందరికీ కొలతమ్మ.

ఈ నెల మొదట్లో సొరంగం చివర ఊట మొదలైంది. మొదటి రోజు ఇరవై రెండు డ్రమ్ములు, మర్నాడు ఇరవై ఎనిమిది, ఆ మర్నాడు ముప్పై నాలుగు. ఆ నీరంతా మధ్య పల్లంలోని గుంటలోకి చేరుతుంది. నీళ్లు తోడే మోటారు కాలిపోయింది. గుంట పొర్లితే ట్రాలీ దారి మునుగుతుంది. అప్పుడు అవతలున్నవాళ్లు అవతలే.

ఊట కన్నాలు సిమెంటుతో మూయడానికి పదిరోజుల పని. ఏడుగురు లోపలే మకాం వేయాలి. గుంటలో ఇంకా ఏడు వందల డ్రమ్ములకు చోటుంది. కొలతమ్మ ఇంజనీరు ఎదుటే లెక్క కట్టింది. దిగే రోజు నలభై, రోజుకు ఆరు పెరిగి పదో రోజుకు తొంభై నాలుగు. రెండూ కలిపితే నూట ముప్పై నాలుగు, జతలు ఐదు, మొత్తం ఆరు వందల డెబ్బై.

"ముప్పై డ్రమ్ములు మిగులు సార్" అంది.

ఇంజనీరు రెండుసార్లు సరిచూసి తలూపాడు. నాలుగో తేదీ పొద్దున్నే, సొరంగం నోటి దగ్గరి బోర్డు మీద తిరిగొచ్చే తేదీ వేసి, ఆ ఏడుగురిలో ఒకతెగా అదీ దిగింది.

నిన్న కుళాయి దగ్గర ట్రాలీ నడిపేవాడి భార్య కనిపించింది.

"మీ ఆయన ఎల్లుండి వచ్చేస్తాడుగా అమ్మాయ్" అన్నాను.

"ఎల్లుండేంటి పెద్దాయనా, ఆవలెల్లుండి, పద్నాలుగున. దిగిన రోజును కూడా లెక్కేస్తారా ఎవరైనా? సొరంగంలో ఇన్నేళ్లు చేసి మర్చిపోయారా?" అని నవ్వింది.

బిందె కుళాయి కిందే వదిలేశాను. నిజమే, మాలో దిగిన రోజు రోజు కాదు. పని మర్నాటి నుంచి ఎంచుతాం. మా పిల్లా అలాగే పెరిగింది, తేదీ అలాగే వేసింది. కానీ నీళ్లకు మా ఆనవాయితీ తెలియదు. అవి నాలుగో తేదీనుంచే ఎంచుకుంటున్నాయి. శ్రేఢిలో పదో పదం, ఆ తొంభై నాలుగు, పదమూడున అయిపోతుంది. పద్నాలుగున గుంటలో చోటు ముప్పై డ్రమ్ములకే. వచ్చేది వంద. పొద్దున బయల్దేరే ట్రాలీ పల్లం దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

పరుగెత్తి ఇంజనీరుకు చెప్పాను. ఆయన లెక్క కాగితం తీసి వేళ్ల మీద తేదీలు ఎంచాడు. "నేనూ చూసుకోలేదు పెద్దాయనా. పది అంది, పదీ సరిపోయింది" అన్నాడు.

లోపలి ఫోను పలకడం లేదు. ట్రాలీ వాళ్ల దగ్గరే ఉంది. అందుకని నిన్న మధ్యాహ్నమే ఒక మనిషిని నడకన పంపారు. ఈ పొద్దుటికి తిరిగి రావాలి. రాలేదు.

సొరంగం నోటి దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇవాళ పన్నెండు. లోపల్నించి వచ్చే గాలి నిన్నటికన్నా చల్లగా, తడిగా ఉంది. మా పిల్ల లెక్క తప్పు కాదు. ఆ మాట ఎవరన్నా నేనొప్పుకోను. కబురందితే రేపే వస్తుంది. అందకపోతే, అది తన చేత్తో బోర్డు మీద వేసిన తేదీ పద్నాలుగు.